తండ్రివలె పాలించుట

మహాభారతంలోని సభాపర్వంలో నారదమహర్షి ఇంద్రప్రస్థానికి విచ్చేసి ధర్మరాజును కుశలప్రశ్నల రూపంలో రాజధర్మాన్ని అడిగిన ఘట్టం ఆస్తికులకు సుపరిచితం. ఆదాయవ్యయాలు సరిచూసుకొనుచున్నావా, దుర్గాలు ధనధాన్యాలతో నిండి ఉన్నవా, కర్షకునికి తిండికి, విత్తనాలకు లోటు లేదు గదా అని ఆ మహర్షి వరుసగా ప్రశ్నించినాడు. ఆ ప్రశ్నల నడుమ మరొక ప్రశ్న కలదు. అంధులను, మూగవారిని, కుంటివారిని, అవయవలోపం గలవారిని, బంధువులు లేనివారిని తండ్రివలె కాపాడుచున్నావా అని నారదుడు అడిగినాడు.

ఈ ప్రశ్నలో 'తండ్రివలె' అనే మాట ఊరక పడినది కాదు. దాతవలె కాపాడుచున్నావా అని మహర్షి అడుగలేదు. దాతకు, తండ్రికి భేదం ఉన్నది. దాత తన చేతిలో ఉన్నదానిని ఇచ్చి తన దారిన తాను పోవును. దానివలన అతని ధర్మం నెరవేరును. తండ్రికి అంతటితో తీరదు. బిడ్డ రాత్రివేళ ఏడ్చినచో ఎందుకు ఏడ్చుచున్నాడో తెలుసుకొనువరకు తండ్రికి నిద్ర పట్టదు. పాలు పట్టి చూచును, ఎత్తుకొని చూచును, దీపం తగ్గించి చూచును. ఏది చేసిన బిడ్డ ఊరడిల్లెనో గుర్తుంచుకొని, మరునాడు దానినే ముందుగా చేయును. పోషణలో విచారణ కలిసియున్నప్పుడే అది తండ్రి పోషణ అగును.

ఈ దృష్టితో నేటి కాలపు ప్రశ్న ఒకటి ఆలోచింపదగియున్నది. ఆటిజం అనే స్థితితో పుట్టిన బాలబాలికలు లోకమంతటా ఉన్నారు. వారిని మరింత బాగుగా సాకుట ఎట్లో తెలుసుకొనుటకై ప్రభుత్వాలు ప్రజాధనాన్ని పరిశోధనకు వెచ్చించుట ధర్మమా? కొందరు దీనికి అడ్డు చెప్పుదురు. ఈ రోజు ఆ బిడ్డకు ఒక ఉపాధ్యాయిని కావలెను, తల్లికి కొంత విశ్రాంతి కావలెను, ఇంటికి కొంత ధనం కావలెను. పుస్తకాలలోకి ఎక్కే పరిశోధనకు డబ్బు పోయినచో ఆకలిగొన్నవానికి అన్నానికి బదులు పాకశాస్త్రం ఇచ్చినట్లు కాదా అని వారి వాదం. మరికొందరు ఇది ఆ కుటుంబపు ప్రారబ్ధమనియు, రాజ్యానికి ఇందులో చేయదగినది లేదనియు తలచుదురు. ఈ రెండు వాదాలను తేలికగా త్రోసివేయరాదు.

ముందుగా ఆటిజం అనగా ఏమో చూడవలెను. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదుగుదలలోని భేదం వలన కలిగే స్థితి. పసితనంలోనే దీని గుర్తులు కనిపించును. పేరు పెట్టి పిలిచినా కొందరు తిరిగి చూడరు. కొందరికి మాట ఆలస్యంగా వచ్చును, కొందరికి రానే రాదు, కొందరు ధారాళంగా మాట్లాడుదురు గాని ఎదుటివాని మాటలోని భావం పట్టుకొనలేరు. రోజూ నడిచే దారి మారినచో తల్లడిల్లే పిల్లలు ఉన్నారు. గంటమ్రోత, జనసమ్మర్దం, ముతక బట్ట తాకిడి కొందరికి దుర్భరమైన బాధ కలిగించును. ఇద్దరు పిల్లలు ఒక్క తీరుగా ఉండరు. 2021లో ప్రపంచంలో దాదాపు 127 మందిలో ఒకరు ఈ స్థితి గలవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఈ బిడ్డలు పెరిగి పెద్దవారగుదురు. ఆటిజం వారితోపాటే ఉండును. కనుక దీనిని మందుతో పోగొట్టే ప్రయత్నం కంటె, ఈ బిడ్డ తన తీరులో తాను సుఖంగా, గౌరవంగా బ్రతుకుటకు ఏది సాయపడునో కనుగొనుటయే ముఖ్యం.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో పదకొండుమంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసంతో ఈ స్థితి వైద్యలోకానికి స్పష్టంగా తెలిసినది. తెలిసిన తరువాత జరిగినది మాత్రం దుఃఖకరం. కారణం తెలియనప్పుడు మనుష్యులు మొదట నిందను వెదకుదురు. తల్లులు ప్రేమలేనివారగుటచేతనే పిల్లలు ఇట్లు అగుచున్నారనే అభిప్రాయం పాశ్చాత్యదేశాలలో పండితుల నడుమనే వ్యాపించినది. ఆ తల్లులకు మంచుపెట్టె వంటి తల్లులని పేరు కూడ పెట్టినారు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రకటించిన గ్రంథం ఈ వాదానికి మరింత బలం చేకూర్చినది. ఇంటిలో మాట రాని బిడ్డ, వెలుపల నీ వలననే అనే మాట – ఈ రెంటి నడుమ ఎందరు తల్లులు నలిగిపోయినారో లెక్క లేదు.

ఆ నిందను తొలగించినది ఓదార్పు మాటలు కావు. ఓపికతో చేసిన విచారణ. తానే ఒక ఆటిజం గల కుమారుని తండ్రియైన మనస్తత్వశాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో వెలువరించిన గ్రంథంలో, ఇది పెంపకం వలన వచ్చినది కాదని, శరీరధర్మానికి సంబంధించినదని వాదించినాడు. మొదట్లో తల్లిదండ్రుల స్వభావాన్ని వేలెత్తి చూపినవారిలో ఒకడైన కానర్ సైతం 1969లో తల్లిదండ్రుల సభలో నిలిచి వారిని నిర్దోషులుగా ప్రకటించినాడు. 1977లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనువారు 21 కవల జంటలను పరిశీలించి, జన్మతః వచ్చే కారణాల పాత్ర గట్టిదని చూపినారు. ఒక ఇంటిలో కూర్చుండి ఏ తల్లియు ఈ సంగతిని నిరూపింపజాలదు. పలు కుటుంబాలను, పలు సంవత్సరాలు, పక్షపాతం లేక చూచినవారికే ఇది సాధ్యమైనది. ఒక నిరపరాధిపై పడిన అపవాదును తొలగించుట న్యాయస్థానంలో రాజధర్మమైనచో, పరిశోధనాలయంలోనూ అది రాజధర్మమే.

తెలుగునాట తల్లులకు ఈ నింద మరొక రూపంలో వచ్చును. గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణం చూచినదనియో, మొక్కు తీర్చలేదనియో, ఏ జన్మలోనో చేసిన పాపమనియో ఇంటి కోడలి వైపు వ్రేళ్ళు చూపుదురు. కర్మసిద్ధాంతాన్ని పూర్వులు ఉపదేశించినది తనను తాను దిద్దుకొనుటకే గాని ఇతరుల కన్నీటికి తీర్పు చెప్పుటకు కాదు. ఎదుటివానికి కష్టం వచ్చినప్పుడు అది అతని కర్మ అని కదలక కూర్చున్నవాడు, ఆ క్షణంలో తాను చేయవలసిన కర్మను మానినవాడగును. చెరువులో పడిన పిల్లవానిని చూచి ప్రారబ్ధం అనుకొని ఎవరూ గట్టున నిలువరు. మరి ఇక్కడ నిలుచుటకు కారణమేమి? ఈత రానివానికి ఒడ్డున నిలుచుట తప్పనట్లే, ఏమి చేయవలెనో తెలియని లోకం కర్మ అనే మాటను ఆశ్రయించును. ఆ తెలియమిని పోగొట్టుటయే పరిశోధన.

తెలియమికి మరొక దుష్ఫలం కూడ కలదు. నిజమైన జ్ఞానం లేనిచోట వ్యాపారం ప్రవేశించును. 1998లో ఇంగ్లండులో ఒక వైద్యుడు కొందరు సహచరులతో కలిసి పొంగు టీకాకు, ఆటిజంకు ముడిపెట్టి వ్యాసం ప్రకటించినాడు. భయపడిన తల్లిదండ్రులు అనేకులు టీకాలు మానినారు. ఆ వ్యాసాన్ని ప్రచురించిన పత్రికయే 2010లో దానిని ఉపసంహరించినది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలు చూచి 2019లో ప్రకటించిన అధ్యయనం ఆ టీకా వలన ఆటిజం రాదని తేల్చినది. ఆ అధ్యయనానికి అక్కడి ఆరోగ్య మంత్రిత్వశాఖ కూడ ధనసహాయం చేసినది. భారతదేశంలో మూలకణ చికిత్సతో ఆటిజం నయమగునని చెప్పి లక్షల రూపాయలు తీసికొనేవారు బయలుదేరినారు. జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతికవిభాగం 2022లో ఆటిజంకు ఆ చికిత్స సిఫారసు చేయదగినది కాదని తెలిపినది. పొలం అమ్మి, తాళిబొట్టు తాకట్టు పెట్టి బిడ్డ కోసం పరుగెత్తే తల్లిదండ్రులకు ఏది నిజమో చెప్పే నమ్మకమైన నోరు ఒకటి కావలెను. ఏమీ అమ్మవలసిన పని లేనివాడే అట్టి మాట నిర్భయంగా చెప్పగలడు.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఈ సందర్భానికి తగిన ఒక గాథ కలదు. తిరుక్కురుగూరులో కారి, ఉడయనంగై దంపతులకు జన్మించిన శిశువు పుట్టిన వెంటనే ఏడువలేదు, పాలు త్రాగలేదు, కన్ను విప్పలేదు. తల్లిదండ్రులు బిడ్డను ఆదినాథస్వామి సన్నిధికి తెచ్చినారు. ఆ శిశువు అక్కడి చింతచెట్టు నీడన పదహారేండ్లు మౌనంగా ఉన్నాడు. ఉత్తరదేశంలో యాత్ర చేయుచున్న మధురకవి దక్షిణదిశలో ఒక తేజస్సును చూచి, దానిని అనుసరించి నడిచి నడిచి కురుగూరు చేరినాడు. చెట్టు క్రింద ఉన్నవాడు వినగలడో లేదో తెలియుటకు ఒక రాతిని నేలపై పడవేసినాడు. కన్నులు తెరచుట చూచి, జీవాత్మను గూర్చిన ఒక ప్రశ్న అడిగినాడు. పదహారేండ్ల మౌనం ఆ ప్రశ్నతో వీడినది. నమ్మాళ్వార్ పలికినాడు.

ఆళ్వారు అవతారపురుషుడు, ఆయన మౌనం పరజ్ఞానపు నిండుదనం. దానిని ఏ వైద్యస్థితితోనూ పోల్చరాదు. ఆటిజం గల బిడ్డను మహాజ్ఞానిగా చేసి పూజించుట కూడ ఆ బిడ్డకు మేలు చేయదు. పూజించినవారు అన్నం తినుట నేర్పుట మరచిపోవుదురు. ఇక్కడ గ్రహింపవలసినది మధురకవి నడవడి. ఆ ఊరివారు పదహారేండ్లు ఆ చెట్టు ప్రక్కనుండియే నడచిపోయినారు. మధురకవి మాత్రం దూరదేశం నుండి వచ్చినాడు, మొదట వినికిడిని పరీక్షించినాడు, ఎదుటివానికి తగిన ప్రశ్నను ఎన్నుకొన్నాడు, అడిగి బదులు కొరకు వేచినాడు. దూరం నడచుట, పరీక్షించుట, తగిన ప్రశ్న వేయుట, వేచియుండుట – పరిశోధకుని ధర్మాలు కూడ ఈ నాలుగే.

బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశోధన ఇందుకు మంచి నిదర్శనం. లండన్, మాంచెస్టర్, న్యూకాసిల్ ప్రాంతాలలో ఐదేండ్లలోపు వయస్సు గల 152 మంది ఆటిజం పిల్లలను తీసికొని జొనాథన్ గ్రీన్ బృందం ఒక పద్ధతిని పరీక్షించినది. ప్రధానంగా అక్కడి ప్రభుత్వపు వైద్యపరిశోధనా మండలి ధనంతో ఇది సాగినది. తల్లి గాని తండ్రి గాని బిడ్డతో ఆడుకొనుచుండగా చలనచిత్రం తీయుదురు. తరువాత శిక్షకురాలు ఆ చిత్రాన్ని తల్లితో కలిసి చూచుచు, ఇదిగో ఇక్కడ బిడ్డ నీ వైపు చూచినాడు, ఇక్కడ చెయ్యి చాపినాడు, నీవు తొందరపడి బొమ్మ మార్చితివి, కొంచెం ఆగి చూడుము అని చూపును. బిడ్డను మార్చుటకు బదులు బిడ్డ సైగను పట్టుకొనుట పెద్దవారికి నేర్పుట ఈ పద్ధతి సారం. 2010లో వెలువడిన తొలి ఫలితాలు మిశ్రమంగా ఉన్నవి. తల్లిదండ్రులు బిడ్డకు అనుగుణంగా స్పందించుటలో చక్కని మార్పు వచ్చినది. ఆటిజం లక్షణాలలో చెప్పుకొనదగిన భేదం కనబడలేదు. అంతటితో ఆ పని మూసివేసినచో సంగతి అక్కడికే ఆగిపోయెడిది. దాదాపు ఆరేండ్ల తరువాత వారిలో 121 మందిని తిరిగి చూచి 2016లో ఫలితాలు ప్రకటించినారు. శిక్షణ పొందిన కుటుంబాలలోని పిల్లలలో లక్షణాల తీవ్రత ఇతరులకంటె తగ్గియున్నది.

ఆ పద్ధతి భారతదేశానికి కూడ వచ్చినది. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో దీనిని పరీక్షించి 2016లోనే ఫలితాలు తెలిపినారు. ఇక్కడ శిక్షణ ఇచ్చినవారు పెద్ద నిపుణులు కారు. తగిన తర్ఫీదు పొందిన సాధారణ ఆరోగ్యకార్యకర్తలు. ఆరునెలలలో పన్నెండు పర్యాయాలు కుటుంబంతో కూర్చున్నారు. తల్లిదండ్రుల స్పందన మెరుగుపడినది, పిల్లలు తమంత తాముగా పలకరించుట పెరిగినది. ఒక అంశంలో మాత్రం, ఇద్దరూ కలిసి ఒక వస్తువుపై దృష్టి నిలుపుటలో, ఫలితం అనుకూలంగా రాలేదు. దానిని కూడ దాచక ప్రకటించినారు. ఈ రెండవ పనికి ధనం ఇచ్చినది విదేశపు స్వచ్ఛందసంస్థ. అయినను దానికి పునాది వేసినది ప్రభుత్వపు ధనమే. ఒక రాజ్యం త్రవ్విన బావిలో పొరుగు రాజ్యాల పిల్లలు నీరు త్రాగినారు. నిపుణులు కరువైన గ్రామసీమలకు ఇట్టి జ్ఞానం ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పనిని వర్తకులకు గాని, ఒక్కొక్క కుటుంబానికి గాని విడిచిపెట్టరాదా అని ప్రశ్న రావచ్చును. మందుబిళ్ళను కనుగొన్నవాడు దానిని అమ్ముకొని లాభం పొందగలడు. బిడ్డ ప్రక్కన ఎట్లు కూర్చుండవలెనో, ఎంతసేపు ఆగవలెనో కనుగొన్నవాడు దానిని సీసాలో పోసి అమ్మజాలడు. అమ్మరాని జ్ఞానానికి వర్తకుడు పెట్టుబడి పెట్టడు. ఇక కుటుంబానికి ఉన్నది ఒక్క బిడ్డ; ఆ బిడ్డకు పనికివచ్చినది పొరుగింటి బిడ్డకు పనికివచ్చునో లేదో తెలియదు. ఆరేండ్లు వేచి ఫలం చూచే ఓపిక, వేయి ఇండ్లను ఒక్కటిగా చూచే విశాలత ప్రజల కోశాగారానికే ఉండదగును. ఇది కొత్త భావం కాదు. పాలారు, వేగవతి, చెయ్యారు నదులు కలిసే తిరుముక్కూడల్‌లోని వేంకటేశ పెరుమాళ్ ఆలయంలో వీరరాజేంద్రచోళుని 11వ శతాబ్దపు శాసనం కలదు. ఆ ఆలయంలో పదిహేను పడకల వైద్యశాల ఉండెడిది. వైద్యుడు, శస్త్రవైద్యుడు, మూలికలు సేకరించువారు, పరిచర్య చేయు స్త్రీలు – వీరందరికి జీతభత్యాలు, నిలువ ఉంచవలసిన ఔషధాల పేర్లు శాసనంలో చెక్కబడినవి. రాజధనం, దేవాలయం, వైద్యజ్ఞానం ఒక్కచోట కూడుట వైష్ణవక్షేత్రాలకు పూర్వాచారమే.

తెలుగునాట కూడ ఇట్టి ప్రయత్నం జరిగినది. 1984లో కేంద్రప్రభుత్వం సికింద్రాబాదులో మానసిక వికలాంగుల కొరకు జాతీయసంస్థను స్థాపించినది. నీపిడ్ అనే సంక్షిప్తనామంతో నేడు పిలువబడుచున్నది ఆ సంస్థయే. ఆటిజంను కొలుచుటకు భారతీయుల జీవనానికి తగిన కొలమానాన్ని అది రూపొందించినది. అందులో నలభై అంశాలు ఉన్నవి; ఒక్కొక్కదానికి ఒకటి నుండి ఐదు వరకు గుణసంఖ్య. మొత్తం డెబ్బదికి తక్కువైనచో ఆటిజం లేదని, అంతకు మించినచో ఏ మేరకు ఉన్నదో నిర్ణయింతురు. వినుటకు ఇది పొడి లెక్కవలె తోచవచ్చును. అయితే 1995 నాటి వికలాంగుల చట్టంలో పేర్కొన్న ఏడు వైకల్యాలలో ఆటిజం లేదు. చట్టంలో పేరు లేదు, కొలుచుటకు స్వదేశపు కొలబద్ద లేదు. ఏ కార్యాలయానికి వెళ్ళినా ఆ బిడ్డ ఏ వరుసలోనూ చేరడు. 1999లో ఆటిజం తదితర స్థితులు గలవారి సంక్షేమానికై జాతీయ ట్రస్టు చట్టం వచ్చినది. దాని మూలనిధికి వందకోట్ల రూపాయలు చట్టంలోనే నిర్ణయించినారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో ఆటిజంను చేర్చినది. ధ్రువపత్రానికి ఆధారమైనది సికింద్రాబాదులో తయారైన ఆ కొలమానమే. ధ్రువపత్రం లేనిదే పింఛను లేదు, రాయితీ లేదు. అన్నానికి, పరిశోధనకు పోటీ పెట్టేవారు ఈ సంగతి గమనింపవలెను. ఇక్కడ పరిశోధనయే అన్నానికి దారి చూపినది.

ఎందరున్నారో తెలియక ఏర్పాట్లు చేయుట కూడ సాధ్యం కాదు. పల్వల్, కాంగ్రా, ఢెంకానాల్, ఉత్తర గోవా, హైదరాబాదు – ఈ ఐదు ప్రాంతాలలో రెండు నుండి తొమ్మిదేండ్ల వయస్సు గల 3,964 మంది పిల్లలను పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడినది. చూపు, వినికిడి, మూర్ఛ, ఆటిజం మొదలగు తొమ్మిది రకాల ఎదుగుదల సమస్యలలో ఏదో ఒకటి దాదాపు ఎనిమిదిమందిలో ఒకరికి ఉన్నట్లు అది చూపినది. ప్రతి వీధిలోను ఉన్న బిడ్డను ఎక్కడో ఉన్నాడనుకొనుట ఇక చెల్లదు.

పరిశోధన అనే పేరు గల ప్రతి వ్యయం ధర్మమేనా అనునది తరువాతి ప్రశ్న. ఈ విషయంలో మొదటి వాదులు చెప్పినదానిలో సత్యం ఉన్నది. బ్రిటన్‌లో 2007 నుండి 2011 వరకు ఆటిజం పరిశోధనకు వెచ్చించిన ధనాన్ని లిజ్ పెలికానో మొదలగువారు లెక్కించి 2013లో నివేదిక ప్రకటించినారు. అందులో 56 శాతం శరీరతత్త్వం, మెదడు, గ్రహణశక్తులకు పోయినది. ఈ కుటుంబాలకు అందే సేవలపై పరిశోధనకు 5 శాతం, సంఘంలో వారి స్థితిపై పరిశోధనకు 1 శాతం మాత్రమే దక్కినవి. ఆటిజం గలవారిని, వారి తల్లిదండ్రులను అడిగినప్పుడు నిత్యజీవితంలో పనికివచ్చే విషయాలపై శోధన కావలెనని వారు కోరినారు. మూలకారణాన్ని వెదకుట తప్పు కాదు. తల్లులపై నింద తొలగినది అట్టి శోధన వలననే గదా. అయితే బిడ్డ నిద్రపోనప్పుడు ఏమి చేయవలెను, పాఠశాలలో ఎట్లు కూర్చుండబెట్టవలెను, పద్దెనిమిదేండ్లు దాటిన తరువాత ఏ పని నేర్పవలెను అనే ప్రశ్నలకు కోశాగారంలోని చిల్లరనాణేలు మాత్రమే మిగులుట తండ్రి పాలన అనిపించుకొనదు.

అమెరికా చట్టం చరిత్రలో కూడ ఒక పాఠం ఉన్నది. అక్కడ 2006లో చేసిన చట్టానికి ఆటిజంపై పోరాటం అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు. 2014లో దానిని పునరుద్ధరించినప్పుడు పోరాటం అనే మాట తొలగి, సహకారం, బాధ్యత, పరిశోధన, విద్య, ఆలంబన అనే మాటలు పేరులో చేరినవి. 2019లోను, 2024లోను అది మరల కొనసాగింపబడినది. ఆ దేశంలో పరిశోధనల దిశను సూచించే సంఘంలో తల్లిదండ్రులకు, ఆటిజం గల వ్యక్తులకు చోటు ఉండవలెనని చట్టమే నిర్దేశించినది. బిడ్డపై పోరాడుటకు, బిడ్డతో కలిసి నడచుటకు ఎంత దూరమో ఆ పేరు మార్పులో కనబడును. ఎవరి కొరకు విచారణ జరుగుచున్నదో వారినే అడుగుట ఆ మార్గంలో తొలి అడుగు.

నేటి అన్నమా, రేపటి జ్ఞానమా అనే సంశయానికి రైతు ఇంటిలో సమాధానం ఉన్నది. ఎంత కరువు వచ్చినా విత్తనపు గింజలను రైతు వండుకొని తినడు. నారదుడు కూడ కర్షకునికి తిండిని, విత్తనాన్ని కలిపియే అడిగినాడు. అయితే విత్తనాల పేరు చెప్పి పిల్లలను పస్తు పడుకొనబెట్టే రైతు కూడ ఉండడు. తిండి గింజల గాదె వేరు, విత్తనాల పాతర వేరు. రెండును నిండుట యజమాని బాధ్యత. పరిశోధనకు ఇచ్చిన ధనం ఈ రోజు బిడ్డకు అందవలసిన బోధన నుండి, పింఛను నుండి కోసి తెచ్చినదైనచో అది అధర్మం. రెంటికి వేరువేరుగా ఏర్పాటు చేయలేనంత పేద కోశాగారమా ఇది అని అడుగు హక్కు ప్రజలకు ఉన్నది.

పరిశోధనకు మరొక ఋణం కూడ ఉన్నది. సగం కుటుంబాలకు క్రొత్త పద్ధతి, మిగిలిన సగానికి మామూలు వైద్యం ఇచ్చి పోల్చి చూచుట శాస్త్రపద్ధతి. క్రొత్తది మేలైనదని తేలిన నాడు, దానిని పొందని సగం కుటుంబాలు దానికి తొలి హక్కుదారులు. తమ ఇంటి తలుపు తెరచి, తమ బిడ్డ రోజువారీ కష్టాన్ని లోకం ముందుంచిన తల్లిదండ్రుల వలననే ఆ జ్ఞానం పుట్టినది. నివేదిక అచ్చయిన తరువాత ఆ ఇంటి వైపు చూడని పరిశోధన, యజ్ఞఫలం తీసికొని ఋత్విక్కులకు దక్షిణ ఎగవేసినట్లగును. కనుగొన్న సంగతి అంగన్‌వాడీ కార్యకర్తకు, ఊరి బడి పంతులుకు, వారి భాషలో చేరువరకు ప్రజాధనం తన పని పూర్తి చేసినట్లు కాదు.

గృహస్థులకు, యాత్రికులకు ఇందులో పాత్ర లేకపోలేదు. దర్శనపు వరుసలో ఒక బిడ్డ చెవులు మూసుకొని కేకలు వేయుచున్నప్పుడు, పెంపకం సరిలేదని గొణిగేవారు ఆ తల్లికి ఆనాటి పండితులు చేసిన అన్యాయాన్నే మరల చేయుచున్నారు. కొంచెం తొలగి దారి ఇచ్చుట, తేరిపార చూడకుండుట, నేనేమైనా పట్టుకొననా అమ్మా అని ఒక మాట అనుట కూడ భాగవత కైంకర్యమే. మేళతాళాలు లేని ప్రశాంతవేళలో ఇట్టి బిడ్డలకు దర్శనం కల్పించుట ఆలయాలకు కష్టసాధ్యం కాదు. అదే విధంగా, తమ ప్రతినిధులు ఓట్లడుగ వచ్చినప్పుడు రోడ్డును గూర్చి, నీటిని గూర్చి అడిగినట్లే, ఈ బిడ్డల కొరకు ఏమి తెలుసుకొన్నారు, తెలుసుకొన్నది ఎక్కడ ఆచరించుచున్నారు అని అడుగుట పౌరధర్మం. ప్రజాస్వామ్యంలో నారదుని ప్రశ్న అడుగవలసినవారు ప్రజలే.

ఈ బిడ్డల తల్లిదండ్రులందరి మనస్సులోను ఒకే ప్రశ్న ఉండును. మా తరువాత ఎవరు అనునదే ఆ ప్రశ్న. సంతానం తమకంటె ముందుగా పోవలెనని ఏ తల్లియు కోరదు. తాము పోయిన మరునాడు ఈ బిడ్డకు అన్నం ఎవరు కలిపి పెట్టుదురో తెలియక మాత్రం కొందరు తల్లులు ఆ కోరరాని కోరికను కన్నీటితో స్వామి ముందు ఉంచుచున్నారు. జాతీయ ట్రస్టు చట్టం పద్దెనిమిదేండ్లు నిండినవారికి సంరక్షకుని నియమించు ఏర్పాటు చేసినది. సంరక్షకుడు ఒక పేరు మాత్రమే. ఆ పేరు గలవానికి ఏమి తెలిసియుండవలెను, నలుబదేండ్ల మనిషికి ఏ ఇల్లు, ఏ పని, ఏ తోడు సుఖమిచ్చును అనునది ఇంకను చాలినంతగా శోధింపబడలేదు. పరిశోధనకు వెచ్చించే ప్రతి రూపాయి చివరకు ఈ ప్రశ్న వద్దకు వచ్చి చేరవలెను. శ్రీమన్నారాయణుడు సర్వరక్షకుడని నమ్మిన ఇండ్లు ఆ రక్షణ మనుష్యుల చేతుల మీదుగానే వచ్చునని కూడ ఎరుగును. తెలిసిన చేతులు పది ఊరిలో ఉన్నవని ధైర్యం కలిగిన నాడు ఆ తల్లి స్వామి ఎదుట మరొక కోరిక కోరుకొనగలదు.